తాతకు తాత సమాధి వెతకబోయే మనవరాలికి

చిరంజీవి చిన్నికి చిన్నతాతయ్య ఆశీస్సులు.

నువ్వు సెలవు పెట్టి నిజామాబాద్ జిల్లా వెళ్తున్నావని, మా తాతయ్య సమాధి ఎక్కడుందో కనుక్కుని మన వంశం కథ రాస్తావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. సంతోషం లేదని కాదు. తద్దినం నాడు తప్ప ఆయన పేరు తలిచేవాళ్ళు మనింట్లో ఎవరున్నారు? మీ నాన్న తర్పణం వదిలేటప్పుడు చెప్పే మూడు పేర్లలో ఆయనది చివరిది. మీ తమ్ముడి వంతు వచ్చేసరికి అదీ ఉండదు. అలాంటిది నువ్వు ఆ పేరు పట్టుకుని బయల్దేరుతున్నావంటే నాకు గర్వంగానే ఉంది. కాకపోతే అడక్కుండా, చెప్పకుండా టికెట్ కొనేశావట. అది మాత్రం మీ తాత బుద్ధి.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఇంట్లో ముసలివాళ్ళని అడుగు. వాళ్ళు చెప్పింది ఫోన్‌లో రికార్డు చెయ్యి. మా అన్నయ్య పెట్టెలో పాత పంచాంగాలుంటాయి, పారెయ్యనివ్వకు. పుట్టుకలూ చావులూ అప్పట్లో వాటి అంచుల్లోనే రాసేవాళ్ళు. తాతయ్య పోయింది ఈశ్వర నామ సంవత్సరం ఆశ్వయుజంలో అని మా నాన్న రాసుకున్నాడు. అంటే 1937. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కనుక పక్కన ఇంకేదైనా ఆధారం చూసుకోకుండా లెక్క కట్టకు. గోత్రం కలిసిందని ఎవర్నీ చుట్టంగా రాసేసుకోకు. మన విశ్వబ్రాహ్మణుల ఐదు గోత్రాల్లో సానగ వాళ్ళు ఊరూరా ఉంటారు.

ఆయన ఎందుకు వెళ్ళాడో నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. కాలువల్లో నీళ్ళొచ్చాయి. మాగాణి సేద్యంలో ఆరితేరిన గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు ఇక్కడ ఉన్నది అమ్ముకుని, అక్కడ చవగ్గా దొరికిన భూమి కొనుక్కుని బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ వైపు వెళ్ళారు. క్యాంపులని అంటారే, ఆ ఊళ్ళన్నీ అలా వెలిసినవే. రైతు వెళ్తే నాగలి వెళ్ళాలి, నాగలి వెళ్తే కర్రు సాగగొట్టేవాడు వెళ్ళాలి. తాతయ్య కొలిమి సామానంతా కట్టుకుని వాళ్ళ వెంట వెళ్ళాడు. నువ్వు రాసేదాంట్లో ఆయన్ని పెద్ద సాహసవంతుణ్ణి చేసెయ్యకు. మా నాయనమ్మ చెప్పేది, అప్పులవాళ్ళు ఇంటిముందు కూర్చుంటున్నారని వెళ్ళాడని. అదీ రాయి.

అక్కడ కాస్త నిలదొక్కుకుని రెండెకరాల చెక్క కొన్నాడు. చలిజ్వరం ఆయన్ని తీసుకుపోయింది. కొత్తగా నీళ్ళు పారిన నేల, చుట్టూ అడవి, దోమలు. ఆ రోజుల్లో వెళ్ళిన ప్రతి క్యాంపులోనూ ఇదే కథ వినపడుతుంది నీకు. మన ఇళ్ళలో దహనం లేదు కదా, పద్మాసనంలో కూర్చోబెట్టి ఆ చెక్కలోనే, కాలువ తూముకి దగ్గర్లో వేపచెట్టు కింద సమాధి చేశారు. నాయనమ్మ ఆ పొలాన్ని పక్క రైతుకి అమ్మేసి పిల్లల్ని తీసుకుని తెనాలి వచ్చేసింది. అమ్మకం తెల్లకాగితం మీద జరిగింది, రిజిస్ట్రేషన్ లేదు. సాదాబైనామా అంటారు అక్కడ. ఈ మాట గుర్తుపెట్టుకో, నేను ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది దీని గురించే.

కాగితాల సంగతి నువ్వు ఎలాగూ అడుగుతావు. నిజాం కాలం రెవెన్యూ రికార్డులు ఉర్దూలో ఉంటాయి, ఏళ్ళు ఫసలీలో, అంటే అప్పటి రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. పాత చేతిరాత చదవడం వచ్చిన పెద్దాయనని ఎవర్నైనా పట్టుకో. పుల్లయ్యా పిల్లయ్యా ఆ రాతలో ఒకేలా కనిపిస్తారు, అందుకని పేరు పక్కన 'వల్ద్' అని రాసి ఉండే తండ్రి పేరు చూడకుండా నమ్మకు. హైదరాబాద్ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. ఊరి లెక్కలు మాత్రం తాసీల్దారు ఆఫీసుల్లోనే ఉంటాయి. 2016లో జిల్లాలు విడగొట్టాక బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది, వర్ని నిజామాబాద్‌లోనే ఉంది. ఏ ఫైలు ఏ ఆఫీసుకి చేరిందో ముందే కనుక్కుని వెళ్ళు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసిన ఊరి భూముల లెక్క, అన్నిటికంటే పనికొస్తుంది. అదే మన కొంప ముంచింది కూడా.

మా అన్నయ్యకి, అంటే మీ తాతయ్యకి, ఆ ఖాస్రా నకలు దొరికింది. పటేల్ పట్వారీల వ్యవస్థ తీసేసిన కొత్తలో. పట్టాదారు కాలమ్‌లో మా తాతయ్య పేరు, తండ్రి పేరుతో సహా స్పష్టంగా ఉంది. కాగితం మీద అమ్మకం ఎక్కలేదు కదా, అందుకని ఆయన పోయిన పదిహేడేళ్ళకి కూడా పట్టా ఆయన పేరునే ఉంది. సాగు చేస్తున్నది మాత్రం కొన్న రైతు అని పక్క కాలమ్‌లో రాసి ఉంది. అన్నయ్య ఆ పక్క కాలమ్ చూడనే లేదు. తాతయ్య పేరు అచ్చంగా సర్కారు కాగితం మీద కనిపించేసరికి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇద్దరం వెళ్ళాం. పొలం కొన్నాయన అప్పటికి బాగా ముసలివాడు. మమ్మల్ని చూసి ఎంత సంబరపడ్డాడని! అన్నం పెట్టాడు. పొలానికి తీసుకెళ్ళి వేపచెట్టు చూపించాడు. కింద చిన్న అరుగు, పసుపు రాసి ఉంది. ఏడాదికోసారి వాళ్ళింటి ఆడవాళ్ళు దీపం పెడతారట. చుట్టూ రెండు బారల నేల దున్నకుండా వదిలేశారు. అంత పచ్చని మాగాణిలో అంత జాగా వదలడమంటే ఏమిటో నీకు తెలీదు, రైతులకి తెలుస్తుంది.

అక్కడితో నమస్కారం పెట్టుకుని వచ్చేస్తే అయిపోయేది. అన్నయ్య మర్నాడు సర్వే తెలిసిన మనిషిని, టేపుని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. సమాధి సరిగ్గా ఏ సర్వే నంబర్లో పడుతుందో రాసుకోవాలని. పహాణీ నకలు అందరి ముందూ విప్పి, "చూశారా, ఇది ఇంకా మా తాత పేరునే ఉంది" అని ఆనందంగా చదివి వినిపించాడు. ఆయన మనసులో కల్మషం లేదు, ఒట్టు. కానీ ముసలాయన కొడుకులు వచ్చి నిలబడ్డారు. ఒకడు కాగితం అడిగి తీసుకుని చూసి ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు. ఆ పూట మాకు కాఫీ కూడా ఎవరూ ఇవ్వలేదు.

మరుసటి ఏడు తద్దినానికి ముందు వెళ్ళాం. వేపచెట్టు లేదు. అరుగు లేదు. నీళ్ళు పారడానికి అడ్డంగా ఉందని చదును చేశామన్నారు. ముసలాయన గడపలోంచి బయటికే రాలేదు. అన్నయ్య ఆ తర్వాత జన్మలో ఆ ఊరి పేరెత్తలేదు. మీ నాన్నని అడిగినా చెప్పలేడు, వాడికి ఈ సంగతి తెలీదు.

నేను ఆ కొడుకుల్ని తిట్టుకోలేదు. తెల్లకాగితం మీద కొన్న భూమి, పట్టా ఇంకొకరి పేరున ఉన్న భూమి, దానికోసం ఒక్కసారి కోర్టు మెట్లెక్కితే రెండు తరాలు తిరగాలి. ఆ భయం ఈమధ్య ఇంకా పెరిగింది. 2020లో ధరణి అని ఆన్‌లైన్ భూరికార్డులు వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్, అంటే సాగు చేసుకుంటున్నవాడి పేరు రాసే కాలమ్ తీసేశారు, సాదాబైనామా వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి అలిసిపోయారు. ఇప్పుడు నువ్వు బ్యాగులో పహాణీ నకలు పెట్టుకుని పొలం గెట్టు మీద దిగి ఫోన్‌లో లొకేషన్ మార్క్ చేస్తూ, వీడియో తీస్తూ నిలబడితే వాళ్ళేమనుకోవాలి?

అందుకని ఒక్క కాగితం కూడా తీసుకెళ్ళకు. ముందు ఆ ఇంటికి వెళ్ళు, పొలానికి కాదు. తెనాలి నుంచి వచ్చాను, ఫలానా కమ్మరి తాత మనవరాలి వరస అని చెప్పు. అన్నం పెడితే తిను. పొలం మీద మాకేమీ హక్కు లేదు, అడగం అని నోరు తెరిచి చెప్పు, మొహమాటపడకు. ఇంటి పెద్దావిడతో కూర్చో, ఆడవాళ్ళే దీపం పెట్టేవాళ్ళు కదా, చోటు వాళ్ళకే గుర్తుంటుంది. వాళ్ళు తీసుకెళ్తే వెళ్ళు. లేకపోతే క్యాంపులో మిగతా ముసలివాళ్ళని, మనవాళ్ళ ఇళ్ళని కలువు. ఊరి బొందలగడ్డ, అదే శ్మశానం, కూడా ఓసారి చూసిరా, చదును చేసినప్పుడు రాయో రప్పో తీసి అక్కడ పెట్టారేమో. ఈమధ్య వైకుంఠధామాలని కొత్త శ్మశానవాటికలు కట్టినప్పుడు పాతవి చాలా చెదిరాయి, దొరక్కపోతే బెంగపెట్టుకోకు. తవ్వించడం, రాయి పాతించడం, ఫ్లెక్సీ కట్టడం లాంటివి చేశావని తెలిస్తే నేను ఊరుకోను.

యాసంగి కోతలు అయ్యాక మే నెలలో వెళ్ళు, పొలాలు ఖాళీగా ఉంటాయి. ఎండకి గొడుగు పట్టుకెళ్ళు. కాలువ గట్టు మీద ఒంటరిగా నడవకు, ఫోటోలకని అంచుకి అసలు వెళ్ళకు. నీకు ఈత రాదు.

ఇంకొకటి. ఆ కాగితాల్లో ఎక్కడా మా నాయనమ్మ ఉండదు. ఆవిడ పేరు రాఘవమ్మ, పుట్టిల్లు కొల్లూరు. ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని, ఆ కొలిమి సుత్తె ఒకటి సంచిలో పెట్టుకుని ఒక్కతే రైలెక్కి వచ్చింది. ఆ సుత్తె మా అటక మీద ఉంది, చేతికి తీసుకుని చూద్దువుగాని. నీ పుస్తకంలో ఆవిడకీ నాలుగు పేజీలు ఉండాలి.

మీ చిన్ననాయనమ్మ మామిడితాండ్ర చుట్టి ఇస్తోంది. అది ఆ పొలం వాళ్ళింటికి, నీకు కాదు. బస్సులో విప్పకు.

చిన్నతాతయ్య