ముందు గాలి చూడు, తర్వాతే ట్యాంకర్

కర్నూలు

చిరంజీవి ప్రతాప్‌కు ఆశీస్సులు.

నీకు గుత్తి వైపు ఫైర్ స్టేషన్‌లో పోస్టింగ్ వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. గడ్డివాముల మంటలు, షాపుల మంటలు ట్రైనింగ్‌లో నేర్పే ఉంటారు. నా దిగులంతా 44వ నంబరు హైవే గురించే. యాసిడ్, గ్యాస్, పెట్రోలు ట్యాంకర్లు రాత్రీ పగలూ ఆ రోడ్డు మీదనే పోతుంటాయి.

ట్యాంకర్ బోల్తా పడిందని కాల్ రాగానే గాలి ఎటు వీస్తోందో అడుగు. వాసన వస్తోందా, పొగ ఏ రంగులో ఉంది, అదీ అడుగు. చుట్టు తిరిగి పోవాల్సి వచ్చినా సరే, గాలి నీ వీపుకు తగిలే దిక్కు నుంచే పో. ఏం కారుతోందో తెలిసేదాకా కనీసం 100 మీటర్ల అవతలే బండి ఆపు. ఎవరో పడిపోయి కనిపిస్తే కుర్రాళ్లు ఉత్త ముఖాలతో పరుగెత్తబోతారు, రెక్క పట్టుకుని ఆపు. గ్యాస్ లీకుల్లో మొదట పడిపోయినవాణ్ణి ఎత్తబోయి రెండోవాడు పోవడం చాలాసార్లు జరిగింది.

దూరం నుంచే బైనాక్యులర్‌తో ట్యాంకర్ పక్కన, వెనక ఉండే హెచ్చరిక బోర్డు చదువు. అందులో నాలుగంకెల నంబరు ఉంటుంది. 1017 అంటే క్లోరిన్, 1005 అమ్మోనియా, 1075 ఎల్‌పీజీ, 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్. ఇవి నోటికి వచ్చి తీరాలి. ఆ నంబరుకు పైనుండే కోడ్ చివర ఇంగ్లీషు 'ఈ' అక్షరం కనిపిస్తే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన వెంటనే మొదలుపెట్టాలి. డ్రైవర్ స్పృహలో ఉంటే ట్రెమ్ కార్డు, అంటే సరుకు ఏమిటో, ప్రమాదమైతే ఏం చేయాలో రాసి ఉండే కార్డు, అడిగి, బోర్డుతో పోల్చి చూడు. బోర్డు ఒక సరుకుది, లోపల ఇంకొకటి ఉన్న బండ్లు కూడా తిరుగుతుంటాయి.

అన్నిటికంటే క్లోరిన్‌తో జాగ్రత్త. అది రోడ్డు మీదే కాదు, ఊరి నీళ్ల ట్యాంకుల దగ్గర కూడా 900 కిలోలు పట్టే టన్నర్లనే పెద్ద సిలిండర్లలో ఉంటుంది. గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి వాగుల్లోకి, కల్వర్టుల్లోకి, సెల్లార్లలోకి దిగి కూర్చుంటుంది. జనాన్ని మిట్టకు, గాలికి అడ్డంగా పంపించు, పల్లానికి వద్దు. కారేచోట నీళ్లు కొట్టొద్దు. నీళ్లు తగిలితే లీకు ఇంకా పెద్దదవుతుంది. లీకు ఎక్కడుందో పట్టడానికి అమ్మోనియా ద్రావణంలో తడిపిన దూది కట్టిన పుల్లను వాల్వు చుట్టూ తిప్పుతారు. కారేచోట తెల్లని పొగ లేస్తుంది. వీలైతే లీకు పైకి వచ్చేలా టన్నర్‌ను దొర్లించాలి. అప్పుడు ద్రవం బదులు గ్యాస్ మాత్రమే వస్తుంది, ఆ తేడా చాలా పెద్దది. ఇదంతా ఒళ్లంతా కప్పే రక్షణ సూటు, బీఏ సెట్ (వీపు మీది సిలిండర్ నుంచి మాస్కులోకి గాలి అందించేది) వేసుకున్నవాళ్ల పని. మన ఎండల్లో ఆ సూటులో మనిషి నిమిషాల్లో సొమ్మసిల్లుతాడు. ఇద్దరు లోపలికి పోతే ఇంకో ఇద్దరు సూటు వేసుకుని సిద్ధంగా ఉండాల్సిందే.

అమ్మోనియాకైతే నీళ్లు పనికొస్తాయి. పొగమంచులా స్ప్రే కొట్టి గ్యాస్‌ను దించొచ్చు, కారి మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం కొట్టొద్దు. 2020 జూన్‌లో నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. అంతకు ముందు నెలలోనే విశాఖలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై పన్నెండు మంది పోయారు. ఆ తెల్లవారుజామున జనాన్ని లేపే సైరన్ కూడా మోగలేదు. అందుకే చెబుతున్నా, మైకు బండిని ముందే పంపు, ఏ వైపు నడవాలో తెలుగులో స్పష్టంగా చెప్పించు.

యాసిడ్ కారితే మనవాళ్లకు మొదట చేతికొచ్చేది గొట్టం. కానీ నీళ్లతో కడిగితే అది కాలువల్లోకి పోతుంది. మా కర్నూలులో అయితే నేరుగా హంద్రీకో, కేసీ కెనాల్‌కో చేరుతుంది. జేసీబీతో మట్టికట్ట వేయించు, మోరీలకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టు. సున్నం అంచుల నుంచి మెల్లగా చల్లాలి, ఒక్కసారి పోస్తే వేడెక్కి చిందుతుంది. మన జిల్లాల్లో సున్నానికి ఏం కొదవ? కంటికి, ఒంటికి యాసిడ్ తగిలినవాళ్లకు మాత్రం నీళ్లే మందు. బట్టలు తీసేసి, కనీసం 15 నిమిషాలు ధారగా పోయించు, ఆ తర్వాతే 108 ఎక్కించు.

పెట్రోలు ట్యాంకర్ పడితే బిందెలు, క్యాన్లు పట్టుకుని వచ్చేస్తారు. వాళ్లను తిట్టి లాభం లేదు. పోలీసులు రాకముందే తాడు కట్టించు, ఊరి పెద్దమనిషి ఒకర్ని పిలిచి ఆయన చేత చెప్పించు.

ఈ వారంలోనే నీ పరిధిలోని ఫ్యాక్టరీలు, నీళ్ల ట్యాంకులు ఒకసారి తిరిగిరా. టన్నర్ లీకు ఆపే సామాన్ల కిట్ ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి డ్యూటీ ఎవరిది, అన్నీ రాసుకో. కలెక్టరేట్‌లో ఆఫ్‌సైట్ ప్లాన్, అంటే ఫ్యాక్టరీ ప్రమాదం గేటు దాటి బయటికి పాకితే ఎవరేం చేయాలో రాసిన ప్లాన్, ఉంటుంది, అందులో మీ స్టేషన్ ఫోన్ నంబరు సరిగా ఉందో లేదో చూడు. ప్రతి ఏడూ దాని మీద మాక్ డ్రిల్ జరగాలని రూల్ ఉంది, ఈసారిది ఎప్పుడో కనుక్కో.

సెలవు దొరికితే ఇంటికి రా. నా పాత ట్రెమ్ కార్డుల కట్ట నీకోసం తీసి పెట్టాను.

ఇట్లు,
నీ మామయ్య