మైఖేల్ ఐస్నర్ డిస్నీని నిలబెట్టారా, చెడగొట్టారా?

ప్రశ్న అడిగినవారు రెండు సంగతులు తెలుసుకోవాలనుకుంటున్నారు. 1984 నుంచి 2005 దాకా వాల్ట్ డిస్నీ కంపెనీని నడిపిన మైఖేల్ ఐస్నర్ దానికి మేలు చేశారా, కీడు చేశారా అన్నది మొదటిది. ఆయన తీసుకున్న డబ్బు న్యాయమేనా అన్నది రెండోది. మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. ఊళ్లో ఒక సినిమా హాల్లో చాలా ఏళ్లు లెక్కలు చూశాను. రోజూ డీసీఆర్ (ఆ రోజు వసూళ్ల లెక్క కాగితం) రాసి డిస్ట్రిబ్యూటర్‌కి పంపడం నా పనే. ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సినిమాను, కార్టూన్‌ను జనం ఇంటిదాకా తీసుకెళ్లే దారులు వేయడంలో ఐస్నర్‌ను మించినవాళ్లు తక్కువ. ఆ సినిమాలు తీసేవాళ్లను నిలుపుకోవడంలో మాత్రం ఆయన ఓడిపోయారు. రెండోదాన్నే నేను బరువైన తప్పుగా చూస్తాను. డాలర్లలో అది వెంటనే కనిపించదు కాబట్టి చాలామంది లెక్కలోకి తీసుకోరు.

ఆయన వచ్చేనాటికి డిస్నీ పరిస్థితి ఏమిటో ముందు గుర్తు చేసుకోవాలి. 1966లో వాల్ట్ డిస్నీ పోయాక కంపెనీ పాత పేరు మీదే నడిచింది. 1984లో సాల్ స్టైన్‌బర్గ్ అనే పెట్టుబడిదారు దాన్ని చేజిక్కించుకోబోతే, ఆయన షేర్లను ఎక్కువ ధరకు తిరిగి కొని వదిలించుకోవలసి వచ్చింది. వాల్ట్ అన్న కొడుకు రాయ్ ఇ. డిస్నీ పట్టుబట్టి, పారమౌంట్ స్టూడియో నుంచి ఐస్నర్‌ను ఛైర్మన్‌గా, వార్నర్‌లో పనిచేసిన ఫ్రాంక్ వెల్స్‌ను ప్రెసిడెంట్‌గా తెప్పించారు. స్టూడియో బాధ్యత జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ తీసుకున్నారు. యానిమేషన్ విభాగాన్ని రాయ్ తానే అడిగి తీసుకున్నారు. 1989లో వచ్చిన ది లిటిల్ మెర్మెయిడ్ నుంచి 1994 నాటి ది లయన్ కింగ్ దాకా కనిపించే వైభవంలో వీళ్లందరి వాటా ఉంది. పాటలు రాసి, కథలు మలిచి, 1991లోనే కన్నుమూసిన హోవర్డ్ ఆష్‌మన్ వాటా ఇంకా పెద్దది. అంత మంచి మనుషుల్ని ఒకచోట పని చేయనివ్వడం కూడా అధిపతి గొప్పతనమే, అది ఆయనకు ఇవ్వాలి.

మా ఊరి పిల్లలకు ఐస్నర్ చేసిన మేలు వేరే ఉంది. డిస్నీ అంతకుముందు టీవీ కోసం వారం వారం కార్టూన్ సీరియళ్లు తీసే కంపెనీ కాదు. ఈయన రాగానే దానికోసం ప్రత్యేక విభాగం పెట్టించారు. అందులోంచే 1987లో డక్‌టేల్స్ వచ్చింది. తర్వాత 1990లలో దూరదర్శన్ దాన్ని హిందీలో ఆదివారాలు వేసింది. మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. హిందీ మాకు అంతంత మాత్రమే వచ్చేది. అయినా టీవీ ఉన్న ఇంటి అరుగు మీద వీధి పిల్లలమంతా చేరి, ఒకరికి అర్థమైన ముక్క ఇంకొకరికి తెలుగులో చెప్పుకుంటూ చూసేవాళ్లం. హాలీవుడ్ బొమ్మలు మావరకు రావడానికి సినిమా హాలు దారి కాలేదు, టీవీ అయింది. ఆయన పదవీకాలం ముగియడానికి ముందు ఏడాది, 2004 డిసెంబర్‌లో, డిస్నీ చానళ్లు మన దేశంలో మొదలైనప్పుడు తెలుగులో కూడా వచ్చాయి. ఊరి పిల్లలకు ఇక పక్కవాళ్లు అనువాదం చేసిపెట్టాల్సిన అవసరం లేకపోయింది. ఆయన్ను తిట్టే వ్యాసాల్లో ఈ సంగతి ఉండదు. నేను మాత్రం దీన్ని చిన్నదిగా చూడలేను.

ఐస్నర్ గురించి ఎక్కువగా వినిపించే తీర్పు ఒకటుంది. 1994 ఏప్రిల్‌లో హెలికాప్టర్ ప్రమాదంలో ఫ్రాంక్ వెల్స్ పోయారు, దాంతో ఐస్నర్ మంచికాలం అయిపోయింది, అంతకుముందు జరిగినదంతా మంచి, తర్వాతదంతా చెడు అంటారు. వినడానికి బాగుంటుంది కానీ నాకు సరిగ్గా అనిపించదు. నష్టాలతో కంపెనీకి టెన్షన్ తెచ్చిన పారిస్ దగ్గరి థీమ్ పార్కు యూరో డిస్నీ 1992లో, వెల్స్ ఉండగానే తెరుచుకుంది. దాదాపు 1,900 కోట్ల డాలర్లకు ఏబీసీ అనే అమెరికన్ టీవీ కంపెనీని, దానితోపాటు స్పోర్ట్స్ చానల్ ఈఎస్‌పీఎన్‌ను కొనడం వెల్స్ పోయాక జరిగింది. ఆ తర్వాత చాలా ఏళ్లు కంపెనీకి లాభాలు మోసుకొచ్చింది ఆ స్పోర్ట్స్ చానలే. ఐస్నర్ తర్వాత పగ్గాలు పట్టిన బాబ్ ఐగర్ కూడా ఏబీసీతో పాటు వచ్చిన మనిషే. కాబట్టి మనిషి మారలేదు. అదే చొరవ, అదే పట్టుదల, ప్రతి చిన్న విషయం తానే చూడాలన్న అదే పట్టింపు మొదటినుంచీ ఉన్నాయి. ఎదురు చెప్పగల మనిషి పక్కన లేకుండా పోవడం ఒక్కటే తేడా. వెల్స్ కుర్చీ తనకు కావాలన్న కాట్జెన్‌బర్గ్‌ను కాదన్నారు. ఆయన బయటికెళ్లి అదే ఏడాది దర్శకుడు స్పీల్‌బర్గ్, సంగీత వ్యాపారి గెఫెన్‌లతో కలిసి డ్రీమ్‌వర్క్స్ అనే స్టూడియో పెట్టారు. యానిమేషన్ సినిమాలకు ఆస్కార్‌లో కొత్తగా పెట్టిన అవార్డు మొట్టమొదట అందుకున్నది ఆ కంపెనీయే.

నేను బరువైన తప్పు అన్నది ఎందుకో మా హాలు సంగతితో చెబుతాను. వైజాగ్ నుంచి ఫిల్మ్ రీళ్ల బాక్సు వచ్చే రోజుల్లో మా ఆపరేటర్ బాబాయ్ మొదటి ఆట పడగానే చెప్పేసేవారు, ఈ బొమ్మ మా ఊళ్లో ఎన్నాళ్లు ఆడుతుందో. సరిహద్దు ఊరు కదా, సగం మంది తెలుగు, సగం మంది ఒడియా. మాటల కన్నా పాటలు, ఫైట్లు ఎక్కువ పనిచేసేవి. అందుకని ఏ రీలులో సౌండ్ పెంచాలో, ఎండాకాలం ఫ్యాన్ల రొదలో డైలాగ్ వినపడాలంటే ఎంత పెట్టాలో ఆయనకు చేతికి తెలుసు. గీతలు పడ్డ ప్రింటును అతికించి సెకండ్ షో దాకా లాగించేవారు. డిజిటల్ మెషీన్ పెట్టాక, బటన్ నొక్కడానికి కుర్రాడు చాలు కదా అని యజమాని ఆయన్ను పంపేశారు. మెషీన్ మార్చడం సరైనదే, మార్చకపోతే హాలే మూతపడేది. కానీ ల్యాంపు వెలుగు తగ్గుతోందని, వెనక వరుసలకు మాట సరిగా వినపడటం లేదని పట్టించుకునే మనిషి లేకుండా పోయాడు. కుటుంబాలతో వచ్చేవాళ్లు తగ్గారు. ఆ తగ్గుదల నేను రాసే డీసీఆర్‌లో రోజూ కనపడేది. కారణం రాయడానికి అందులో గడి లేదు.

డిస్నీలో ఇదే జరిగింది, వెయ్యిరెట్లు పెద్దగా. కంప్యూటర్ బొమ్మలు ఆడుతున్నాయి, చేత్తో గీసినవి ఆడటం లేదన్నారు. గీసేవాళ్లను వందలమందిని పంపేశారు. 2002లో లీలో అండ్ స్టిచ్ వంటి హిట్టు ఇచ్చిన ఫ్లోరిడా యానిమేషన్ స్టూడియోను 2004లో మూసేశారు. లోపం పెన్సిల్‌లో లేదు, కథల్లో ఉంది. అప్పట్లో కంప్యూటర్ బొమ్మలతో గెలుస్తున్న పిక్సర్ సినిమాలను పంచేది డిస్నీయే. అక్కడ కథ కోసం ఏళ్లతరబడి కూర్చుంటారని ఐస్నర్‌కు తెలియనిది కాదు. అయినా పిక్సర్ అధిపతి స్టీవ్ జాబ్స్‌తో పొసగక 2004 జనవరిలో కొత్త ఒప్పందం చర్చలు తెగిపోయాయి. అంతకు రెండు నెలల ముందే, ఐస్నర్‌ను తెచ్చిన రాయ్ డిస్నీయే బోర్డు నుంచి తప్పుకుని ఐస్నర్ దిగిపోవాలని ప్రచారం మొదలుపెట్టారు. మార్చిలో వాటాదారుల సమావేశంలో పడిన ఓట్లలో 40 శాతానికి పైగా ఐస్నర్‌కు మద్దతు ఇవ్వలేదు. ఛైర్మన్ పదవి పోయింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో సీఈఓగా కూడా దిగిపోయారు.

ఆ నెలలోనే హాంకాంగ్ డిస్నీల్యాండ్ ప్రారంభమైంది. అక్కడ ఊరేగింపు చూస్తూ, గత పదేళ్లలో పుట్టి జనం గుండెల్లో నిలిచిన పాత్రలన్నీ పిక్సర్‌వేనని తనకు తట్టిందని ఐగర్ తర్వాత తన పుస్తకంలో రాశారు. ఐస్నర్ చివరి పదేళ్ల మీద ఇంతకన్నా కచ్చితమైన ఆడిట్ నేనెక్కడా చదవలేదు. 2006లో ఐగర్ 740 కోట్ల డాలర్లు పెట్టి పిక్సర్‌ను కొన్నారు. ఉన్నవాళ్లను పోగొట్టుకుని కొత్తగా కొనుక్కోవడానికి అయిన ఖర్చు అది.

మీరు ఎవరి వ్యాసం చదివినా అది ఏ సంవత్సరంలో రాసిందో చూడండి. 1994లో యూరో డిస్నీ పెద్ద తప్పు. తర్వాత అదే యూరప్‌లో ఎక్కువమంది చూసే థీమ్ పార్కుల్లో ముందు నిలిచింది. డబ్బుకు సంబంధించిన తప్పుల్ని కాలం కొంత సరిచేస్తుంది. అందుకే ఆ నష్టాన్ని నేను పెద్దగా పట్టించుకోను.

ఇక జీతం సంగతి. 1990ల చివర్లో స్టాక్ ఆప్షన్ల (ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) మీద ఒక్క ఏడాదిలో 50 కోట్ల డాలర్లకు పైగా పొందారు. షేరు పెరిగితేనే వచ్చే డబ్బు అది, షేరు నిజంగానే చాలా పెరిగింది, వాటాదారులకూ లాభమే. నాకు అభ్యంతరం లేదు. హాలీవుడ్ ఏజెంటు మైఖేల్ ఓవిట్జ్ వ్యవహారం మీదే ఉంది. స్నేహితుడని వెల్స్ స్థానంలోకి తెచ్చి, ఏడాదికి కాస్త ఎక్కువ కాలంలోనే సాగనంపుతూ దాదాపు 14 కోట్ల డాలర్లు ఇచ్చారు. వాటాదారులు కేసు వేస్తే అమెరికాలోని డెలావేర్ కోర్టు 2005లో డైరెక్టర్లు చట్టప్రకారం బాధ్యత తప్పలేదని తేల్చింది. అదే తీర్పులో ఐస్నర్ తీరును, తనకు అనుకూలమైనవాళ్లతో బోర్డు నింపుకోవడాన్ని జడ్జి గట్టిగా తప్పుపట్టారు. చట్టం వదిలేసినా ఈ ఒక్క ఖర్చును మాత్రం నేను ఆయన ఖాతాలోంచి కొట్టేయను.