డాక్టర్ సలహా: నాన్నకు కుక్కపిల్లను కొనివ్వమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 71 ఏళ్లు. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కాకినాడలో సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు. నిరుడు కార్తీకంలో అమ్మ పోయింది. అప్పటి నుంచి మనిషి సగమైపోయారు. బెల్టుకు కొత్తగా రెండు రంధ్రాలు పొడిపించుకున్నారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. పేపరు మడత కూడా విప్పడం లేదని పనమ్మాయి చెబుతోంది. బీపీకి టెల్మిసార్టాన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర చాలా ఏళ్లుగా వాడుతున్నారు. అరికాళ్లు తిమ్మిరిగా ఉంటాయంటారు. నేను బెంగళూరులో, అన్నయ్య డాలస్‌లో ఉంటాం. మా దగ్గరికి రమ్మంటే రానంటారు. పుట్టినరోజుకు ముందుగా చెప్పకుండా ఓ లాబ్రడార్ పిల్లను పంపిద్దామని అన్నయ్య పట్టుబడుతున్నాడు. కుక్క బొచ్చుతో ఉబ్బసం వస్తుందని మేనత్త వద్దంటోంది. రోజూ పొద్దున గేటు దగ్గరికొచ్చే వీధికుక్కకు మాత్రం ఆయన పెరుగన్నం పెడతారు, దాంతో కాసేపు మాట్లాడతారట. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కుక్కను పెంచుకోవడం మీ నాన్నగారికి మేలు చేసే అవకాశమే ఎక్కువ. కానీ లాబ్రడార్ పిల్ల వద్దు, చెప్పకుండా పంపడం అసలే వద్దు. అంతకంటే ముందు ఆయన్ని ఓసారి డాక్టరుకు చూపించాలి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది కుక్క సంగతి కాదు, ఆ బెల్టు రంధ్రాలు.

భార్య పోయాక మనిషి కొన్నాళ్లు తిండి తగ్గించడం, నిద్రపోకపోవడం సహజమే. ఏడాది కావస్తున్నా బరువు తగ్గుతూనే ఉంటే, మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే, రోజూ చదివే పేపరు మీద కూడా ఆసక్తి పోతే అది ఒంటరితనం ఒక్కటే కాకపోవచ్చు. డిప్రెషన్ లక్షణాలు పెద్దవాళ్లలో తరచూ ఇలాగే కనిపిస్తాయి. వాళ్లు ‘దిగులుగా ఉంది’ అని నోరు తెరిచి చెప్పరు. ‘ఆకలి లేదు, ఒంట్లో సత్తువ లేదు’ అంటారు. మనం వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం.

పైగా షుగరున్న మనిషి బరువు తగ్గితే వేరే కారణాలూ వెతకాలి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో విటమిన్ బి12 తగ్గవచ్చు. దానివల్ల అరికాళ్ల తిమ్మిరీ వస్తుంది, మనసు మందగించడమూ ఉంటుంది. కాబట్టి ఆ పరీక్ష వదలొద్దు. వినికిడి కూడా చూపించండి. చెవులు సరిగ్గా వినపడక నలుగురిలోకి వెళ్లడం మానేసే పెద్దవాళ్లు మీరు అనుకునేదానికంటే ఎక్కువ. డిప్రెషనే అని తేలితే మందులూ కౌన్సెలింగూ బాగా పనిచేస్తాయి. సైకియాట్రిస్టు అంటే ఆయన బెదిరేట్టుంటే ముందు మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట ఆయన నోట ఒక్కసారి వచ్చినా వాయిదా వేయకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే ఏర్పాటు చేయండి.

ఇదంతా ముందు చెప్పడానికి కారణం ఉంది. మంచం దిగడానికే ఓపిక లేని మనిషి చేతికి కుక్క గొలుసు ఇస్తే, ఆ మూగజీవి పస్తుంటుంది, దాన్ని సరిగ్గా చూడలేకపోతున్నానన్న బాధ ఆయన మీద అదనంగా పడుతుంది. కుక్క తోడవుతుందేమో గానీ వైద్యానికి బదులు కాదు.

ఇక అసలు ప్రశ్న. పెంపుడు జంతువుతో ఆరోగ్యం మెరుగుపడుతుందా?

దీనిమీద వచ్చిన పరిశోధనలు తక్కువేం కాదు. 1980లో వెలువడిన ఓ అమెరికా అధ్యయనంలో గుండెపోటో, గుండెనొప్పో వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన 92 మందిని ఏడాది పాటు గమనించారు. పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు చనిపోతే, లేని 39 మందిలో 11 మంది చనిపోయారు. ఈ రంగంలో తొలినాళ్ల అధ్యయనం అది, చాలా చిన్నది. ఆ తర్వాత వచ్చినవాటిలో కొన్ని దాన్ని బలపరిచాయి, కొన్ని అంత తేడా లేదన్నాయి. 2017లో స్వీడన్‌లో 34 లక్షల మంది రికార్డులు పరిశీలిస్తే, ఒంటరిగా ఉండేవాళ్లలో కుక్కలున్నవారికి మరణ ముప్పు 33 శాతం తక్కువగా కనిపించింది. మీ నాన్నగారి లాంటి వాళ్ల గురించే కాబట్టి ఈ అంకె ఆశ పుట్టిస్తుంది. కానీ ఒక్క మెలిక ఉంది. మొదటి నుంచీ ఆరోగ్యంగా ఉండి, నడవగలిగినవాళ్లే కుక్కను పెంచడానికి ముందుకొస్తారు. కుక్క వల్ల ఆరోగ్యమా, ఆరోగ్యం వల్ల కుక్కా అన్నది ఇలాంటి లెక్కల్లో పూర్తిగా తేలదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ఈ విషయాన్ని పరిశీలించి, కుక్కను పెంచడం గుండెకు మేలు చేయవచ్చంటూనే, కేవలం గుండెజబ్బు ముప్పు తగ్గించుకోవడానికని జంతువును తెచ్చుకోవద్దని చెప్పింది. నా మాటా అదే.

మీ నాన్నగారికి బీపీ ఉంది కాబట్టి ఇంకో అధ్యయనం చెబుతాను. 2001లో వెలువడిన ఆ అధ్యయనంలో న్యూయార్క్ రాష్ట్రంలో బీపీ ఎక్కువున్న స్టాక్ బ్రోకర్లను తీసుకుని అందరికీ లిసినోప్రిల్ అనే బీపీ మాత్ర ఇచ్చారు. సగం మందిని అదనంగా కుక్కనో పిల్లినో పెంచుకోమన్నారు. ప్రశాంతంగా కూర్చున్నప్పటి బీపీ మాత్రతో రెండు గుంపుల్లోనూ ఒకేలా తగ్గింది. ఒత్తిడి పెట్టినప్పుడు ఎగిసే బీపీ మాత్రం జంతువులున్నవారిలో తక్కువగా ఎగిసింది. అంటే రెండూ చేసే పనులు వేరు. కుక్క వచ్చింది కదాని టెల్మిసార్టాన్ ఆపే ప్రశ్నే లేదు.

అంకెలు అటుంచి, ఓపీలో నేను చూసేది చెబుతాను. నలభై ఏళ్లు భార్య చేతి కాఫీతో రోజు మొదలెట్టిన మగవాడికి ఆమె పోయాక దేనికీ టైమంటూ ఉండదు. తిన్నా సరే, తినకపోయినా సరే, ఆరింటికి లేచినా పదింటికి లేచినా అడిగేవాళ్లుండరు. కుక్క అడుగుతుంది. ఆరు కాగానే గుమ్మం దగ్గర నిలబడి గోళ్లతో తలుపు గీకుతుంది. తన కోసం పొయ్యి వెలిగించని మనిషి దానికోసం అన్నం వండి, ఆ పక్కనే తనూ రెండు ముద్దలు తింటాడు. కొడుకూ కూతురూ ‘ఏం చేయకండి నాన్నా, రెస్టు తీసుకోండి’ అంటారు. ఆయనకు కావాల్సింది రెస్టు కాదు, తను లేకపోతే జరగని పని ఒకటి.

రెండోది వీధి. ఒంటరిగా నడిచే పెద్దాయన్ని ఎవరూ ఆపి పలకరించరు. పక్కన కుక్క ఉంటే టీ బండి దగ్గర ‘ఏం సార్, దీని పేరేంటి’ అంటారు. బడికెళ్లే పిల్లలు ఆగుతారు. ఆ మాటలు కుక్క గురించే మొదలవుతాయి, వారం తిరిగేసరికి మనిషి గురించి అవుతాయి. నాకైతే ఈ లాభమే మిగతా అన్నింటికన్నా పెద్దదనిపిస్తుంది. ఇక స్పర్శ. భార్య పోయాక ఎన్నో నెలలు మరో ప్రాణి స్పర్శే ఎరుగని వృద్ధులు మన చుట్టూ చాలామంది ఉన్నారు. కుక్కా మనిషీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోనే అది.

అయితే పిల్ల ఎందుకు వద్దంటున్నాను? లాబ్రడార్ పిల్ల మొదటి ఆరు నెలలు చెప్పులు నమిలేస్తుంది, ఇల్లంతా తడుపుతుంది, రాత్రుళ్లు ఏడుస్తుంది. ఏడాది తిరిగేసరికి 25, 30 కిలోల బరువుతో గొలుసు లాగుతుంది. కాకినాడ ఎండకూ ఉక్కకూ దానికీ పడదు. అన్నిటికీ మించి పడిపోవడం ఉంది. అమెరికాలో 65 దాటినవాళ్లు గొలుసు పట్టుకుని కుక్కను నడిపిస్తూ ఎముకలు విరగ్గొట్టుకున్న కేసులు 2004లో సుమారు 1,670 ఉంటే, 2017కు దాదాపు 4,400 అయ్యాయి. ఒక్కో ఎముకగా చూస్తే ఎక్కువసార్లు విరిగింది తుంటి ఎముకే. 71 ఏళ్ల వయసులో, అరికాళ్లు తిమ్మిరున్న మనిషికి తుంటి విరగడమంటే ఏమిటో ఏ ఆర్థోపెడిక్ డాక్టర్నడిగినా చెబుతారు.

ఆయనకు తగిన కుక్క ఇప్పటికే గేటు దగ్గరికి వస్తోంది కదమ్మా! ఆయన ఎంచుకున్నది, ఆయన్ని ఎంచుకున్నది అదే. పెద్దదైన నాటుకుక్కకు బుద్ధి స్థిరపడి ఉంటుంది, మన ఎండకు తట్టుకుంటుంది, జబ్బులూ తక్కువే. ‘నాన్నా, దాన్ని లోపలికి తెచ్చుకుందామా’ అని అడిగి చూడండి. ఆయన వద్దంటే అక్కడితో ఆపేయండి. గేటు దగ్గరి పెరుగన్నం స్నేహమే ఆయనకు చాలేమో. సరేనంటే ముందు వెటర్నరీ డాక్టర్‌తో చూపించాలి. ఆ కుక్క చెవి కొన కత్తిరించి ఉందేమో చూడమనండి. ఉంటే మున్సిపాలిటీ వాళ్లు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలినదని అర్థం. అలా చేసినప్పుడు మామూలుగా రేబిస్ టీకా కూడా వేస్తారు. అయినా ఇప్పుడు మళ్లీ వేయించి, ఏటా వేయిస్తుండాలి. కడుపులో పురుగులకు మూడు నెలలకోసారి మందు, గోమార్లకు మందు, ఎలుకల జ్వరం టీకా కూడా అవసరమే. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మిగతా రోజుల్లోనూ ఖర్చు పెద్దగా ఉండదు.

నడకకు తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీ కన్నా ఛాతీకి చుట్టే హార్నెస్ మేలు. గొలుసును చేతికి చుట్టుకోవద్దని గట్టిగా చెప్పండి, కుక్క హఠాత్తుగా పిల్లి వెంట పరుగెత్తితే చేయి వదిలేసేలా ఉండాలి. హవాయి చెప్పులతో వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోవాలి. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు దారిలో పడుకున్న కుక్క తగిలి పడిపోయేవాళ్లున్నారు. దాని మెడకు చిన్న గంట, వరండాలో రాత్రంతా ఓ లైటు చాలు.

ఇక్కడ మీ ఉత్తరంలోని ఓ మందు గురించి చెప్పాలి. గ్లిమిపిరైడ్ వేసుకునేవారు పరగడుపున ఎక్కువ దూరం నడిస్తే షుగర్ పడిపోవచ్చు. నడకకు ముందు రెండు బిస్కెట్లో ఓ అరటిపండో తినాలి, జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు పట్టి, చేతులు వణికితే అక్కడే కూర్చుని అది నోట్లో వేసుకోవాలి. రోజూ నడక అలవాటై షుగర్ తగ్గుతూ ఉంటే మందు మోతాదును డాక్టరు మార్చాల్సి రావచ్చు.

కాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. స్పర్శ లేని పాదాన్ని కుక్క నాకినా, గీరినా, నమిలినా ఆయనకు తెలియదు. పాదం మీద పుండున్నప్పుడు కుక్క నాలుక తగిలితే తీవ్రమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. రోజూ పడుకునే ముందు పాదాలు కడుక్కుని, వేళ్ల సందుల్లో తుడుచుకుని, అద్దంలో అరికాలు చూసుకోవడం అలవాటు చేయించండి. కుక్కను మంచం మీదికి రానివ్వొద్దు.

పెంపుడు కుక్కయినా సరే, కరిచినా గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ప్రభుత్వాస్పత్రిలో టీకా ఉచితం. చర్మం చీలి రక్తం వచ్చినా, పుండు మీద నాకినా టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేయాలి. చర్మం ఎక్కడా చిట్లకుండా నాకితే మాత్రం ఏ టీకా అక్కర్లేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే వైద్యం లేదు కాబట్టి, ‘మన కుక్కే కదా’ అన్న ధీమా మాత్రం వద్దు. వీధికుక్కను చేరదీస్తున్నారు కనుక కుక్క కరవకముందే వేసుకునే టీకాలు ఆయన తీసుకున్నా మంచిదే. మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు వేస్తారు.

మీ మేనత్తగారి భయం గురించి రెండు మాటలు. ఉబ్బసం లేని మనిషికి కుక్క వల్ల ఈ వయసులో కొత్తగా రావడం అరుదు. అలర్జీ ఉంటే అది బొచ్చుతో కాదు, కుక్క చర్మం నుంచి రాలే పొరలతో, లాలాజలంతో వస్తుంది. అందుకే బొచ్చు తక్కువున్న జాతి అని డబ్బు పోసి కొన్నా లాభం ఉండదు. మీ నాన్నగారు ఇప్పటికే రోజూ ఆ వీధికుక్క దగ్గర గడుపుతున్నారు కదా. తుమ్ములు, పిల్లికూతలు రాకపోతే ఆ భయం పక్కన పెట్టండి.

ఆయన కుక్క వద్దంటే పిల్లి ఉంది, అక్వేరియం ఉంది. గుప్పెడు గింజలు గోడమీద చల్లి పిచ్చుకలను రప్పించుకోవడమూ ఉంది. రామచిలుకను మాత్రం కొనకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెట్టడం నేరం.

మీరు, మీ అన్నయ్య కలిసి ముందే తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. ఆయన ఆస్పత్రిలో చేరితే, మీ దగ్గరికి నెల రోజులు వస్తే కుక్కకు అన్నం పెట్టేదెవరు? పక్కింటివాళ్లతోనో పనమ్మాయితోనో ఇప్పుడే మాట్లాడి, ఆ పనికి నెలకింతని ఇచ్చేయండి. కుక్క ఉందన్న కారణంతోనే ఆపరేషన్ వాయిదా వేసుకునేవాళ్లను చూస్తుంటాను. టీకాల ఖర్చు, మేత ఖర్చు ఎవరిదో కూడా మాట్లాడుకోండి, ఆయన పెన్షన్‌లోంచి తీయించొద్దు. ఆ కుక్క ఆయనకంటే ముందే పోవచ్చు. అప్పుడు ‘కుక్కే కదా’ అనొద్దు. అమ్మ పోయిన దుఃఖం మళ్లీ అక్కడి నుంచి తిరగబెట్టవచ్చు, ఆ వారం మీలో ఒకరు వెళ్లి ఆయన దగ్గరుండాలి.

వచ్చే నెల మీరు కాకినాడ వెళ్లినప్పుడు రక్తపరీక్షలు, పాదాల పరీక్ష చేయించి రిపోర్టులు పంపించండి. కుక్క విషయం ఆ తర్వాత ఆయనతోనే కూర్చుని మాట్లాడండి.