అక్టోబర్ 31న పిల్లలు వేషాలు వేసుకునే పండుగ హాలోవీన్‌కి వాళ్లతో కలిసి గుమ్మడికాయ చెక్కడం ఎలా? ఏ వయసు నుంచి చేయించవచ్చు?

మూడేళ్ల పిల్లలకి కూడా ఇందులో పని ఉంటుంది, కత్తి పట్టడం తప్ప. అమెరికాలో చాలా ఇళ్లలో పిల్లలు మార్కర్‌తో ముఖం గీసి, లోపలి గుజ్జు తీస్తారు. పెద్దవాళ్లు కోస్తారు.

తొడిమ చుట్టూ కత్తిని లోపలివైపు ఏటవాలుగా పెట్టి మూత కోయండి. నిటారుగా కోస్తే మూత లోపలికి జారిపోతుంది. అసలు సంబరం లోపల చెయ్యి పెట్టినప్పుడే. చల్లగా, జిగటగా పీచు వేళ్లకి చుట్టుకుంటుంటే కొందరు కేరింతలు కొడతారు, కొందరు ఛీ అని చెయ్యి లాగేస్తారు. వాళ్లని బలవంతం చేయొద్దు, పెద్ద గరిటె ఇవ్వండి. ముఖం వచ్చే వైపు అంగుళం మందం మిగిలేదాకా గీకితే కోయడం తేలిక.

గింజలు పారేయకండి. కడిగి, ఆరబెట్టి, కాస్త నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో దోరగా వేయించండి. నన్నడిగితే, పిల్లలకి ఆ రోజు గుర్తుండిపోయేది ఆ వాసనే.

చెక్కిన కాయ కొద్ది రోజుల్లోనే మెత్తబడి బూజు పడుతుంది. అక్టోబర్ 31కి రెండు మూడు రోజుల ముందు చెక్కితే చాలు. కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి, వేషాలు వేసుకున్న పిల్లల బట్టలు అంటుకుంటాయన్న టెన్షన్ ఉండదు.

ఎందుకిలా చెక్కుతారని పిల్లలు అడిగితే ఐర్లాండ్ సంగతి చెప్పండి. దుష్టశక్తుల్ని తరమడానికి అక్కడ టర్నిప్ దుంపల్లో ముఖాలు చెక్కేవారు. 19వ శతాబ్దంలో అమెరికాకి వలస వచ్చినవాళ్లకి అంతకంటే పెద్దది, చెక్కడానికి సులువైనది గుమ్మడికాయ దొరికింది. మన గుమ్మానికి దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ కడతాం కదా, ఆ పోలిక చెబితే అమెరికాలోని తెలుగు పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.