మిల్లు మూతపడింది, మావారికి 51: ఇప్పుడు ఏ కోర్సు చేయాలి?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలో గ్రీన్స్‌బరో దగ్గర ఉంటాం. సిటిజెన్‌షిప్ ఉంది. మావారు ఇండియాలో టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ చదివారు. ఇక్కడ ఒక నూలు మిల్లులో 19 ఏళ్లు క్వాలిటీ విభాగంలో చేశారు. బయటి దేశాల నూలు ధరకు తట్టుకోలేక ఈమధ్యే మిల్లు మూసేశారు. దిగుమతుల వల్ల ఉద్యోగం పోయినవాళ్లను ప్రభుత్వమే రెండేళ్లు చదివిస్తుందని ఒకరన్నారు. కన్సల్టెన్సీలో క్యూఏ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని) నేర్చుకుంటే మూడు నెలల్లో ఐటీ ఉద్యోగం గ్యారంటీ, అనుభవం కూడా రెజ్యూమేలో వాళ్లే పెడతారని ఇంకొకరు చెప్పారు. 401కే (రిటైర్మెంట్ పొదుపు) డబ్బు తీసి ఆ ఫీజు కట్టమంటారా, లేక కమ్యూనిటీ కాలేజీనా? మా అమ్మాయి 12వ గ్రేడ్. టెన్షన్ పడుతుందని తనకింకా చెప్పలేదు.

జవాబు: అమ్మా, మీరు కోర్సు గురించే అడిగారు గానీ, మీ ఉత్తరం చదివితే రెండు భయాలు కనిపిస్తున్నాయి. 51 ఏళ్లకు ఆయన పని అయిపోయిందేమోనని ఒకటి, పాప కాలేజీ చేజారుతుందేమోనని ఇంకొకటి. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఆ రెండూ జరిగిపోయినట్టేనని అనుకోవాల్సిన అవసరం మీ విషయంలో నాకు కనిపించడం లేదు.

ముందు ఆ ప్రభుత్వ సహాయం సంగతి. మీకు చెప్పినాయన అబద్ధం చెప్పలేదు, పాత మాట చెప్పారు. దాని పేరు ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్. 1962లో మొదలై 1974 చట్టంతో విస్తరించింది. దిగుమతుల పోటీ వల్లే ఉద్యోగాలు పోయాయని కార్మిక శాఖ ధ్రువీకరిస్తే, చదువు ఖర్చుతో పాటు నిరుద్యోగ భృతి అయిపోయాక కూడా శిక్షణలో ఉన్నంతకాలం కొంత ఆదాయం వచ్చేది. 50 దాటినవాళ్లు తక్కువ జీతానికి కొత్త ఉద్యోగంలో చేరితే, తేడాలో సగాన్ని కొంతకాలం భర్తీ చేసే ఏర్పాటు కూడా ఉండేది. 2003 జూలైలో కన్నాపొలిస్‌లో పిల్లోటెక్స్ అనే బట్టల కంపెనీ మూతపడి, ఈ రాష్ట్రంలో ఒకేసారి 4,000 మందికి పైగా రోడ్డున పడినప్పుడు ఎంతోమంది కార్మికులు దీని సాయంతోనే కాలేజీ మెట్లెక్కారు. కానీ 2022 జూలై 1 నుంచి కొత్త మిల్లులకు ధ్రువీకరణ ఇవ్వడం ఆగిపోయింది. కాంగ్రెస్ గడువు పొడిగించలేదు. సరుకు చవకగా రావడం వల్ల దేశమంతా లాభపడి, నష్టం మాత్రం కొన్ని ఊళ్ల మీదే పడుతున్నప్పుడు ఆ ఒక్క ఆసరానూ వదిలేయడం అన్యాయమనే నా అభిప్రాయం.

ఇప్పుడు మిగిలింది చిన్నదే అయినా పనికొచ్చేది. 2014 నాటి వియోవా చట్టం కింద, కంపెనీ మూతపడి ఉద్యోగం పోయినవాళ్లకు శిక్షణ డబ్బు ఉంటుంది. కారణం దిగుమతులేనని రుజువు చేయనక్కర్లేదు. దగ్గర్లోని ఎన్‌సీవర్క్స్ కేంద్రానికి (రాష్ట్ర ఉద్యోగ సహాయ కేంద్రం) వెళ్లి మాట్లాడమనండి. కోర్సులో చేరకముందే వెళ్లాలి. ముందే ఫీజు కట్టేస్తే సాధారణంగా తిరిగి ఇవ్వరు, ఆమోదించిన సంస్థల జాబితాలో లేనిచోటికి ఈ డబ్బు రాదు. నిరుద్యోగ భృతికి ఇంకా అప్లై చేయకపోతే ఈరోజే చేయించండి. ఈ రాష్ట్రంలో అది మామూలుగా 12 వారాలే. హెల్త్ ఇన్సూరెన్స్ పోతే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి 60 రోజుల గడువుంది, అది దాటనివ్వకండి.

ఇక కన్సల్టెన్సీ. ఈ దారి మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. టెస్టింగ్ పని చాలావరకు ఆటోమేషన్‌లోకి పోయింది. 2022 తర్వాత ఐటీ కంపెనీల్లోనే అనుభవమున్న ఎందరో ఉద్యోగాలు పోయి బయటున్నారు. వాళ్ల పక్కన మూడు నెలల కోర్సుతో నిలబడటం కష్టం. దానికంటే పెద్ద విషయం ఆ దొంగ అనుభవం. చేయని ఉద్యోగాన్ని రెజ్యూమేలో పెట్టాలంటే చేసిన ఉద్యోగాన్ని తీసేయాలి. అంటే ఆయన 19 ఏళ్ల నిజమైన అనుభవాన్ని చెరిపేసి, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోయే అబద్ధాన్ని దాని స్థానంలో రాస్తారన్నమాట. దానికి మీరే ఎదురు డబ్బు కడతారా? కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. పరాయివాళ్ల పిల్లలు ఇలా చేస్తే మీరే తప్పంటారు.

ఆ 401కేను అసలు ముట్టుకోవద్దు. ఆయన వయసుకు 10 శాతం జరిమానా, దాని మీద ఆదాయపు పన్ను. పైగా రిటైర్మెంట్ ఖాతాలో ఉన్నంతవరకు ఆ డబ్బు పాప ఫాఫ్సా (కాలేజీ ఆర్థిక సహాయానికి పెట్టే దరఖాస్తు) లెక్కలోకి రాదు. బయటికి తీస్తే ఆ ఏడాది ఆదాయంగా కనిపించి, తర్వాత ఆమెకు రావాల్సిన సహాయానికి గండి పడుతుంది.

కమ్యూనిటీ కాలేజీకి అవుననే అంటాను, కానీ రెండేళ్ల డిగ్రీ ఆయనకు అవసరం లేదు. పిల్లోటెక్స్ వాళ్లలో చాలామంది హైస్కూల్ చదువు పూర్తిచేయడం నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయన చేతిలో ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ మీద 2012లో వచ్చిన మదింపులో, ఆ పథకంలో చేరినవాళ్లు నాలుగేళ్ల తర్వాత కూడా సంపాదనలో, అందులో చేరని అలాంటివాళ్ల కంటే వెనకబడే ఉన్నారు. చదువులో గడిచిన కాలానికీ ఖరీదుంటుంది. అందుకే చిన్న కోర్సు చాలంటున్నాను. ల్యాబ్‌లో నూలు పరీక్షించి, లోపం ఎక్కడ పుట్టిందో వెనక్కి వెతికి పట్టుకోగల మనిషి మందుల ఫ్యాక్టరీలకు, వైద్య పరికరాల కంపెనీలకు కావాలి. క్లేటన్, హోలీ స్ప్రింగ్స్ వైపు అలాంటి ఫ్యాక్టరీలున్నాయి. ఆ పరిశ్రమ పద్ధతులు నేర్పే బయోవర్క్ అనే చిన్న కోర్సు ఇక్కడి కొన్ని కమ్యూనిటీ కాలేజీల్లో ఉంది. మాస్కులు, ఫిల్టర్ల వంటి నాన్‌వోవెన్ (నేయకుండా తయారుచేసే బట్ట) రంగమైతే ఆయనకు ఇంకా దగ్గర. రాలీలోని ఎన్‌సీ స్టేట్‌లో దానికోసం ప్రత్యేక సంస్థే ఉంది. జీతం మొదట్లో తగ్గొచ్చు. చేసే పని మాత్రం ఆయనకు తెలిసినదే అవుతుంది.

చివరిగా పాప. తనకు చెప్పకపోవడం మీరు చేస్తున్న పెద్ద పొరపాటు. రోజూ పొద్దున్నే వెళ్లే తండ్రి ఇంట్లో కూర్చుంటే 17 ఏళ్ల పిల్లకు తెలియదనుకుంటున్నారా? తెలిసే ఉంటుంది, మీ కోసం తెలియనట్టు ఉంటోంది. పైగా ఫాఫ్సా రెండేళ్ల వెనకటి పన్ను లెక్కలు చూస్తుంది, అందులో ఆయన జీతం పూర్తిగా కనిపిస్తుంది. ఉద్యోగం పోయిన కాగితం, నిరుద్యోగ భృతి పత్రాలు జతచేసి, సహాయాన్ని మళ్లీ లెక్కించమని కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగొచ్చు. దీన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు, ఆ మాట చెబితే వాళ్లకు అర్థమవుతుంది. అప్లై చేసిన ప్రతి కాలేజీకీ విడిగా రాయాలి. ఆ ఫాఫ్సా మీద మీ అమ్మాయి సంతకం ఎలాగూ ఉండాలి. ఈ వారాంతంలో ముగ్గురూ కూర్చుని తనకు చెప్పండి, ఆ ఉత్తరాలు తనతోనే రాయించండి.