ఎక్స్‌రే బాగుంది సరే, నడక ఎలా ఉంది?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పాదం, చీలమండ ఆపరేషన్ల బాధ్యత నీకు విడిగా అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఇకపై చేసే ప్రతి ఆపరేషన్ ఫలితాన్నీ పద్ధతిగా రాసిపెట్టుకోవాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగావు. ఈ ప్రశ్న నన్ను అడిగిన జూనియర్లు చాలా తక్కువ. ప్లేటు ఎలా వంచాలి, స్క్రూ ఏ కోణంలో వేయాలి అని అందరూ అడుగుతారు. అవి థియేటర్లో ఎవరైనా నేర్పుతారు. ఆపరేషన్ అయి ఏడాది గడిచాక ఆ మనిషి ఎలా ఉన్నాడో తెలుసుకోవడం మాత్రం ఎవరికి వారు పట్టుదలగా పెట్టుకోవాల్సిన పని.

ఫలితం రాయడం ఆపరేషన్ తర్వాత మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదమ్మా, ముందే మొదలవ్వాలి. అప్పుడు నొప్పి ఎంత ఉండేదో, ఎంత దూరం నడవగలిగేవారో రాసుకోకపోతే తర్వాత వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఏడాది పోయాక "అప్పట్లో ఎలా ఉండేది?" అని అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. బాగుపడినవాళ్లు పాత నొప్పిని పెద్దది చేసి చెబుతారు, బాగుపడనివాళ్లు అప్పుడే నయమంటారు. అందుకని కేస్ షీట్ మొదటి పేజీలో, ఎక్స్‌రే కొలతలకన్నా పైన, ఒక్క వాక్యం రాయి: ఈ ఆపరేషన్ వల్ల తనకు ఏం కావాలని రోగి కోరుకుంటున్నారు? వాళ్ల మాటల్లోనే రాయాలి. "పనిలో రోజంతా నిలబడగలగాలి." "మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోకూడదు." "మామూలు బూటు పట్టాలి." ఏడాది తర్వాత ఆ వాక్యాన్నే చదివి వినిపించి, జరిగిందా లేదా అని అడుగు.

బొటనవేలు పక్కకు వంగిపోయే హాలక్స్ వాల్గస్ సంగతే తీసుకో. బొటనవేలి కోణం 15 డిగ్రీల లోపు, వేళ్ల వెనక పాదంలో ఉండే పొడుగు ఎముకల్లో, అంటే మెటాటార్సల్ ఎముకల్లో, మొదటి రెండిటి మధ్య కోణం 9 డిగ్రీల లోపు ఉంటే మామూలుగా ఉన్నట్టు లెక్క. ఈ కొలతలు రెండూ చక్కగా కుదిరి, పాఠ్యపుస్తకంలో అచ్చువేయదగిన ఎక్స్‌రే ఉన్న మనిషిని చూశాను. బొటనవేలి ఎముక ఆపరేషన్‌లో కాస్త పొట్టిదై, బరువంతా రెండో వేలి కిందికి చేరింది. అక్కడ కాయకట్టి, అడుగు తీసి అడుగు వేయాలంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చేది. ఇంకొకరికి వంకర పూర్తిగా పోలేదు, కోణం 20 దగ్గరే నిలిచిపోయింది. ఆమె మాత్రం రోజూ బూట్లు వేసుకుని పనికి వెళ్లి వస్తూ, ఇంకేమీ అక్కర్లేదన్నారు. ఎక్స్‌రేను బట్టి మార్కులు వేస్తే వీళ్లిద్దరి ఫలితాలూ తారుమారవుతాయి.

అలాగని కొలతల్ని తేలిగ్గా తీసుకోకు. చీలమండ విరిగినప్పుడు, కీలులో కాలి ఎముకల కింద ఇమిడి ఉండే టేలస్ ఎముక ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగినా, కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనే వైశాల్యం 42 శాతం తగ్గిపోతుందని 1976లో ప్రచురించిన ప్రయోగం చూపించింది. ఆ బరువు మిగతా కాస్త మృదులాస్థి మీద పడితే ఏళ్లు గడిచాక అరుగుదల వస్తుంది. కాబట్టి కోణాలూ మిల్లీమీటర్లూ రాయి, కానీ వాటిని వేరే గడిలో రాయి. ఆపరేషన్ ఎలా జరిగిందో అవి చెబుతాయి. మనిషికి ఏం మేలు జరిగిందో మనిషే చెప్పాలి.

మనిషి చేత చెప్పించడానికి ప్రశ్నావళులు ఉన్నాయి. 1994లో అమెరికా పాదం, చీలమండ సర్జన్ల సంఘం ఒక స్కోరు పెట్టింది. నూటికి నొప్పికి 40, పనులకు 50, పాదం తీరుకు 10 మార్కులు. అందులో చాలా భాగం డాక్టరే చూసి వేయాలి. ప్రపంచమంతా దాన్ని వాడింది. చివరికి ఆ సంఘమే దాన్ని వాడవద్దని సూచించింది. పాత వ్యాసాల్లో "తొంభై రెండు మార్కులు వచ్చాయి" అని కనిపిస్తే ఆ మాట గుర్తుంచుకో. నీకు మాంచెస్టర్–ఆక్స్‌ఫర్డ్ ప్రశ్నావళి సరిపోతుంది. 16 ప్రశ్నలే, నడవడం-నిలబడటం, నొప్పి, నలుగురిలో మెలగడం అనే మూడు భాగాలు. అన్నిటికీ రోగే జవాబిస్తారు. ఇందులో అంకె ఎంత పెరిగితే అంత బాధ ఉన్నట్టు, కొత్తవాళ్లు తిరగేసి చదువుతుంటారు. రోగి భాషలో సరిచూసి ఆమోదించిన అనువాదం ఉంటే అదే తీసుకో. ఓపీలో కూర్చుని అప్పటికప్పుడు అనువదించి అడిగితే ఒక్కొక్కరిని ఒక్కో ప్రశ్న అడిగినట్టవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ కాగితం నీ ఎదుట నింపించకు. కోసి కుట్టిన డాక్టరు ముఖం చూస్తూ "నాకు బాగాలేదండీ" అనడానికి చాలామందికి నోరు రాదు. మొహమాటం, కృతజ్ఞత, మళ్లీ నీ దగ్గరికే రావాలన్న బెరుకు, అన్నీ కలిసి "పర్వాలేదండీ" అనిపిస్తాయి. బయట గదిలో వాళ్లంతట వాళ్లే నింపాలి. చదవలేనివాళ్లకు ఆపరేషన్‌తో సంబంధం లేని మనిషి చదివి వినిపించాలి.

అది అయ్యాక లోపలికి పిలిచి, నువ్వు కళ్లతో చూడు. తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా ఎలా నడిచి వస్తున్నారో ముందు చూడాలి, కూర్చున్నాక ఆ అవకాశం పోతుంది. బూట్లు తీయించి, తిరగేసి, అడుగుభాగం ఎక్కడ అరిగిందో చూడు. బయటి అంచు మాత్రమే అరిగి ఉంటే మడమ లోపలికి తిరిగి ఉందేమో వెతకాలి. మోకాళ్ల దాకా బట్ట పైకి తీయించి, వెనక నిలబడి రెండు మడమల్నీ పోల్చు. తర్వాత గోడకు చేతివేళ్లు ఆనించి ఒంటికాలి మీద మడమ ఎత్తమను. ఎత్తగలిగారా అన్నది ఒకటి, ఎంత ఎత్తు, ఎన్నిసార్లు, ఎత్తినప్పుడు మడమ లోపలికి తిరిగిందా అన్నవి మిగతావి. మంచి కాలితో కూడా చేయించి రెండూ పక్కపక్కన రాయి. రెండు నిమిషాల పని. పిక్క కండరానికి బలం ఎంత వచ్చిందో ఎక్స్‌రే ఏ జన్మకూ చెప్పదు.

ఎప్పుడెప్పుడు అడగాలంటే, ఆపరేషన్‌కు ముందు, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు. పాదం గుండెకు దూరంగా, కిందికి వేలాడుతూ ఉండే అవయవం. దాని వాపు పూర్తిగా తగ్గడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. మూడో నెల కాగితం చూసి కుంగిపోకు, ఆరో నెల కాగితం చూసి పొంగిపోకు. కొన్నిటికి ఏడాది కూడా చాలదు. పుట్టుకతో పాదం వంకర ఉన్న పిల్లలకు ఒకప్పుడు పాదం వెనకా లోపలివైపూ అన్నీ కోసి సరిచేసేవారు. ఆపరేషన్ అయిన వెంటనే పాదం అందంగా కనిపించేది. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక చూస్తే చాలామంది పాదాలు బిగుసుకుపోయి, నొప్పితో, అరిగిపోయి ఉన్నాయి. అమెరికాలోని అయోవాలో ఇగ్నేషియో పోన్సెటి అనే డాక్టరు వారం వారం ప్లాస్టర్ కట్లు మారుస్తూ నెమ్మదిగా తిప్పిన పాదాల్ని సుమారు ముప్పై ఏళ్ల తర్వాత పరీక్షించి 1995లో ప్రచురించారు. 78 శాతం మందికి ఫలితం చాలా బాగుంది లేదా బాగుంది. వంకర లేకుండా పుట్టినవాళ్లలో కూడా ఆ లెక్క 85 శాతమే. అంతకాలం వెంటపడి చూసినవాళ్లు ఉండబట్టే ఇవాళ లక్షల పసిపాదాలు పెద్ద కోత నుంచి తప్పించుకుంటున్నాయి.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విషయం. నీ ఆపరేషన్ తర్వాత రోగి బాగుపడితే, అది నీ ఆపరేషన్ వల్లేనా? కాలమే కొంత మాన్పుతుంది. నొప్పి మరీ ఎక్కువైనప్పుడే మన దగ్గరికి వస్తారు కాబట్టి ఏమీ చేయకపోయినా కొంత తగ్గుతుంది. 2002లో మోకాలి అరుగుదల ఉన్న 180 మందిని విభజించి, కొందరికి ఆర్థ్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రంలోంచి గొట్టం పెట్టి కీలు లోపల చేసే ఆపరేషన్, చేశారు, కొందరికి చర్మం మీద గాటు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండేళ్లు చూసినా నిజంగా చేసినవాళ్లకు ఎక్కువ మేలు జరగలేదు. గాటు మాత్రమే పడినవాళ్లు కూడా నొప్పి తగ్గిందనే చెప్పారు. ఈ సంగతి మన వృత్తిలో ప్రతి ఒక్కరూ మనసులో పెట్టుకోవాలి.

మన పాదానికే వద్దాం. మడమ ఎముక కీలులోకి విరిగినప్పుడు తెరిచి ప్లేటు వేయాలా వద్దా అని బ్రిటన్‌లో 151 మంది మీద పరీక్షించి 2014లో ప్రచురించారు. రెండేళ్లకు నొప్పిలోనూ పనుల్లోనూ తేడా తేలలేదు. చిక్కులు మాత్రం ఆపరేషన్ చేసినవాళ్లలో 23 శాతం మందికి, చేయనివాళ్లలో 4 శాతం మందికి వచ్చాయి. మరీ చితికి ఆకారం పోయిన మడమలను, చర్మం చీల్చుకుని వచ్చిన విరుపులను ఆ పరీక్షలో చేర్చలేదు కాబట్టి అందరికీ కట్టు చాలని నేను అనను. తెరిచే ముందు చేయి ఒక్క క్షణం ఆగాలని మాత్రం అంటాను. మడమ వెనుక అకిలిస్ స్నాయువు తెగినప్పుడు కూడా అంతే. 2022లో వచ్చిన నార్వే పరీక్షలో 526 మందిని చూశారు. ఏడాదికి రోగులు ఇచ్చిన స్కోరు కుట్టినా కుట్టకపోయినా ఒకటే. కుట్టనివాళ్లలో 6.2 శాతం మందికి మళ్లీ తెగింది, కుట్టినవాళ్లలో 0.6 శాతం మందికే. కానీ నరం దెబ్బతినడం కుట్టనివాళ్లలో 0.6 శాతం, తెరిచి కుట్టినవాళ్లలో 2.8, చిన్న కోతతో కుట్టినవాళ్లలో 5.2. ఇలాంటి లెక్క రోగి ముందు పెడితే, మళ్లీ తెగుతుందన్న భయం ఎక్కువా, పాదం అంచు మొద్దుబారుతుందన్న భయం ఎక్కువా అన్నది ఆ మనిషే తేల్చుకోగలుగుతాడు. మనం నిర్ణయించి చెప్పేసే విషయం కాదది.

అరిగిపోయిన చీలమండకు కీలు మార్చాలా, కీలులోని ఎముకల్ని ఒకదానికొకటి అతికించేయాలా అన్న వాదన నువ్వూ వినే ఉంటావు. రెండిటికీ ఏడాదికి మేలు దాదాపు సమానమేనని పెద్ద పరీక్షలో తేలింది. కీలు మార్చినచోట గాయం మానడం ఆలస్యమైంది, నరాల ఇబ్బంది ఎక్కువైంది. అతికించినచోట కొందరికి ఎముక అతకలేదు. గమనించాల్సింది ఏమిటంటే, ఎక్స్‌రేలో అతకనివాళ్లలో కొందరికి నొప్పే లేదు. అందుకే అతకలేదన్నదీ, అతకక బాధపడుతున్నారన్నదీ రెండు వేర్వేరు గడుల్లో రాయి.

చిక్కుల జాబితా ఆపరేషన్‌కు ముందే తయారుచేసుకో: గాయం మానకపోవడం, చీము, నరం, రక్తం గడ్డకట్టడం, అతకకపోవడం, స్క్రూ తీయాల్సి రావడం, రెండో ఆపరేషన్. తర్వాత గుర్తొచ్చినవి రాస్తే అసౌకర్యమైనవి గుర్తురావు. పొగతాగే అలవాటు, మధుమేహం ఎంత అదుపులో ఉంది, అరికాలికి సన్నని దారం ఆనితే తెలుస్తోందా లేదా అన్నవి కూడా ముందే రాయి. స్పర్శ లేని పాదం నొప్పి చెప్పదు, విరిగిన ఎముక మీదే నడిచేస్తుంది. అలాంటి పాదాలకు మామూలుకంటే ఎక్కువకాలం బరువు పడకుండా చూడాలి. ఫలితాలు కూడా వేరుగా లెక్కగట్టాలి.

వందేళ్ల కిందట బోస్టన్‌లో ఎర్నెస్ట్ ఆమరీ కాడ్‌మన్ అనే సర్జన్ ఉండేవాడు. ప్రతి రోగికీ ఒక కార్డు రాసి, కనీసం ఏడాది తర్వాత మళ్లీ చూసి, నయం కాకపోతే ఎందుకు కాలేదో అందులో రాసేవాడు. 1911 నుంచి 1916 వరకు తన చిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన 337 మందిలో 123 పొరపాట్లు దొర్లాయని తానే లెక్కగట్టి అచ్చువేయించాడు. తోటి సర్జన్లకు అది మింగుడుపడలేదు. కీళ్ల మార్పిడి ఫలితాలను నమోదు చేసేందుకు ఇవాళ దేశాలు నడుపుతున్న రిజిస్ట్రీల వెనుక ఉన్న ఆలోచన ఆయనదే. ఆ ధైర్యం నీకూ ఉండాలని నా కోరిక.

రానివాళ్ల గురించి చివరగా రాస్తున్నాను గానీ, నేనైతే అన్నిటికన్నా ముందు వాళ్లనే చూస్తాను. ఏడాదికి పిలిస్తే కొందరు రారు. బాగున్నారు కాబట్టే రాలేదని మనకు మనం చెప్పుకుంటాం. మన మీద నమ్మకం పోయి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లూ, నడవలేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్లూ వాళ్లలోనే ఉంటారు. ఫోను చేయించు. దొరకకపోతే ఇంట్లో ఇంకొకరి నంబరుకు చేయించు, ఆ నంబరు మొదటి రోజే తీసుకుని ఉండాలి. అప్పటికీ దొరకనివాళ్లను లెక్కలోంచి తీసేయకు. "ఇంతమందికి చేశాను, ఇంతమందిని చూశాను" అని రెండు అంకెలూ రాయి.

అన్ని ఆపరేషన్లతో ఒకేసారి మొదలుపెట్టకు, నెల తిరిగేలోపు విసిగిపోతావు. నువ్వు ఎక్కువగా చేసేది ఒకటి ఎంచుకో, చీలమండ విరుపులైతే మంచిది. ఒక్కొక్కరికి ఒకే కాగితం, ఒకే ప్రశ్నలు, తేదీలు తప్పకూడదు. మొదటి ఏడాది కాగితాలు పూర్తయ్యాక నాకు పంపు. సగటు స్కోరు నువ్వే చూసుకో, నాకు రానివాళ్ల జాబితా, చిక్కుల గడులు ముందు పంపు. వాటి మీద తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ మేలు కోరే,
మీ సారు