ప్యాలెస్ గేటు దగ్గర పూటంతా పోగొట్టుకోకండి

మే నెలలో అమ్మానాన్న లండన్ వస్తున్నారు, రాజుగారి కుటుంబానికి సంబంధించినవి రెండు రోజుల్లో ఏం చూపించాలి, బకింగ్‌హామ్ ప్యాలెస్ లోపలికి పంపిస్తారా అని అడిగారు కదా. పోయినేడాది మావాళ్లని నేనూ ఇలాగే తిప్పాను, అందుకే ఇంత రాస్తున్నా.

ప్యాలెస్‌లో 775 గదులున్నా జనానికి చూపించేది 19 స్టేట్ రూమ్స్ (అతిథుల్ని పిలిచి వేడుకలు జరిపే పెద్ద గదులు), అవీ మామూలుగా జులై నుంచి సెప్టెంబరు దాకానే. 1992లో విండ్సర్ కోట తగలబడితే ఆ రిపేరు ఖర్చు కోసమని 1993లో టికెట్టు పెట్టి తలుపులు తీశారు, అప్పట్నుంచీ అదే నడుస్తోంది. మిగతా నెలల్లో అప్పుడప్పుడూ గైడెడ్ టూర్లు పెడతారు కాబట్టి వాళ్ల సైట్లో ఒకసారి చూడండి, దొరక్కపోతే మేలో మీకు మిగిలేది గేటు, బాల్కనీ, పైన జెండా. రాయల్ స్టాండర్డ్, అంటే రాజుగారి సొంత జెండా, ఎగురుతుంటే ఆయన ఇంట్లో ఉన్నట్టు, దేశం జెండా యూనియన్ జాక్ అయితే లేనట్టు. ఈ ముక్క చెప్పాక మా అమ్మ ఊళ్లో ఏ మేడ మీద జెండా కనిపించినా ఇక్కడెవరున్నారని అడగడం మొదలుపెట్టింది.

గార్డులు మారే తంతు దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. 11కి కదా అని మేం 10.45కి తీరిగ్గా వెళ్లాం. అప్పటికే గేటు చువ్వల పొడుగునా, విక్టోరియా రాణి విగ్రహం మెట్ల మీదా కాలు పెట్టే సందు లేదు, ముక్కాలు గంట నిలబడితే మాకు కనిపించినవి నల్లటి బొచ్చు టోపీల కొసలు, ముందువాళ్లు ఎత్తి పట్టుకున్న ఫోన్లు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, కూర్చోడానికి ఎక్కడా లేదు. "కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభలైనా ఇంతకన్నా బాగా కనిపిస్తాయిరా" అన్నారు. పైగా అది రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే. మర్నాడు వైట్‌హాల్ వైపు హార్స్ గార్డ్స్‌కి తీసుకెళ్లా. అక్కడ గుర్రాల మీది కాపలా మారడం రోజూ ఉంటుంది (11కి, ఆదివారం మాత్రం 10కి), మధ్యలో కంచె లేదు, గుర్రం ఊపిరి కూడా వినిపించేంత దగ్గర. కరుస్తాయి, తంతాయి అని బోర్డు పెట్టారు, అయినా అందరూ పక్కన నిలబడి ఫొటోలే. మా నాన్న కూడా.

మీకున్న రెండు రోజుల్లో ఒక పొద్దుటి పూట మొత్తం టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోటకి ఇవ్వండి. టికెట్టు ముందే ఆన్‌లైన్లో కొని, తెరిచే టైముకి అక్కడుండి, ఏదీ చూడకుండా నేరుగా రాజుల కిరీటాలు, నగలు పెట్టిన జ్యుయెల్ హౌస్‌కి నడవండి, పదకొండు దాటితే క్యూ చుట్టలు చుట్టుకుంటుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. కదిలే బెల్టు మీద నిలబడితే అదే మనల్ని కిరీటాల ముందు నుంచి తీసుకుపోతుంది, సరిగా చూడలేదనిపిస్తే వెనక్కొచ్చి మళ్లీ ఎక్కొచ్చు, మేం మూడుసార్లు ఎక్కాం. కారణం కోహినూరే. 1937లో రాణి ఎలిజబెత్‌కి, అంటే 2022లో పోయిన ఎలిజబెత్ వాళ్లమ్మకి, చేయించిన కిరీటంలో ఉంది. కొల్లూరు గనుల్లో దొరికిందంటారు కదా, మా నాన్నది సత్తెనపల్లి, ఆయన లెక్కలో అది పక్కూరి రాయి. 1849లో లాహోరు ఒప్పందంలో పంజాబు రాజు, పదేళ్ల దులీప్ సింగ్ దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారని, 186 క్యారెట్ల రాయిని ఇక్కడికొచ్చాక 105కి కోసేశారని చెప్తే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. అమ్మ మాత్రం "ఇంతేనా, గుంటూరు బంగారం కొట్లో లైట్లకి నగలు దీనికన్నా మెరుస్తాయి" అంది. బయటికొచ్చాక ఎర్ర అంచు కోటు వేసుకున్న బీఫీటర్ల (కోట కాపలావాళ్ల) టూరు టికెట్లోనే కలిసి ఉంటుంది, జోకులేస్తూ తలలు నరికిన కథలన్నీ చెప్తారు, మీరు పక్కనుండి తెలుగులో చెప్పండి.

రెండో రోజు వెస్ట్‌మినిస్టర్ అబే అనే పెద్ద చర్చి. 1066 నుంచి పట్టాభిషేకాలు అక్కడే. పట్టాభిషేకం చేసే కుర్చీని దగ్గరగా చూడండి, పాతకాలపు బడిపిల్లలు మన కోటల గోడల మీద చెక్కినట్టే పేర్లు చెక్కి పెట్టారు! ఆదివారం టూరిస్టులని రానివ్వరు, చూసుకోండి. టవర్, అబే రెండూ మనిషికి 30 పౌండ్లు, ఆ పైనే పడతాయి, కాబట్టి కెన్సింగ్టన్ ప్యాలెస్‌కి మళ్లీ డబ్బులు పెట్టమని నేను చెప్పను. డయానా మీద ఇష్టం ఉంటే పక్క తోటలో ఆవిడ విగ్రహం ఉంది, దానికి టికెట్టు లేదు.

ఇంకో రోజు దొరికితే విండ్సర్, వాటర్లూ స్టేషన్ నుంచి రైలు నేరుగా వెళ్తుంది, ఎలిజబెత్ సమాధి అక్కడే. మంగళ, బుధ వారాలు మాత్రం వద్దు, కోట మూసి ఉంటుంది.

తిండికి టెన్షన్ పడకండి. టవర్ పక్కనే టవర్ హిల్ స్టేషన్లో ట్యూబు (భూగర్భ రైలు) డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే మారే పనిలేకుండా ఈస్ట్ హామ్‌లో దిగొచ్చు, అక్కడ అన్నం, సాంబారు, పెరుగు అన్నీ దొరుకుతాయి. ట్యూబులో ఒకే కార్డు ముగ్గురికి పనిచేయదు, గేటు దగ్గర అమ్మ అవతల, నేనూ నాన్నా ఇవతల ఉండిపోయాక తెలిసింది నాకు.